మేస్త్రి మిత్రుడి కోసం ఎత్తిన చందాలో 3,43,000 మిగిలింది. ఏం చేయమంటారు?

బెంచి నంబర్ 3 | ప్రొద్దుటూరు | 2024 అక్టోబరు 14, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. చానా రోజులుగా ఇక్కడ చదివి పోవడమే తప్ప రాసింది లేదు. ఈసారి మీ సలహా కావాలి.

మాది 2000 పదో తరగతి బ్యాచ్. మాలో ఒకడు బేల్దారి మేస్త్రి. ఆగస్టు మొదటి వారంలో ఒక ఇంటి పని దగ్గర సెంట్రింగ్ పలక జారి రెండో అంతస్తు నుంచి కింద పడ్డాడు. పక్కనే ఇసుక కుప్ప ఉంది. రెండడుగులు అటు పడుంటే బతుకు వేరేగా ఉండేది. వెన్నుపూస విరిగి వెన్నుపాము నలిగింది. నడుం కింద స్పర్శ లేదు, కాళ్ళు కదలవు. వయసు 40. ఇద్దరు పిల్లలు, పెద్దపాప ఎనిమిదో తరగతి.

ఆ రాత్రే మా వాట్సాప్ గ్రూపులో పెట్టాం. మా బ్యాచ్ వాళ్ళు, తర్వాత సీనియర్లు, జూనియర్లు, కువైట్లో ఉండేవాళ్ళు, బంగారు అంగళ్ళ వాళ్ళు కొందరు, అందరూ కలిసి 11 రోజుల్లో 6,38,400 రూపాయలు. 412 మంది ఇచ్చారు. 50 రూపాయలు వేసిన వాళ్ళూ ఉన్నారు. అంతా నా ఫోన్‌పేలోకే వచ్చింది.

ఖర్చు ఇది. మొదటి రెండు రోజులు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 1,85,000 అయింది. వాడికి బియ్యం కార్డు ఉంది, ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఉచితంగా వైద్యం వస్తుంది. ఆ కంగారులో ఎవరికీ ఆ సంగతే తట్టలేదు. తట్టాక తిరుపతికి తీసుకుపోయాం, అంబులెన్సుకు 14,000. అక్కడ రాడ్లు వేసి ఆపరేషన్ చేశారు, దానికి మేం ఒక్క రూపాయి కట్టలేదు. 19 రోజులు బయట రూము, భోజనం, మందులు, స్కానులు కలిపి 46,400. ఇంటి ఖర్చులకని వాడి భార్య చేతికి 50,000 ఇచ్చాం. మొత్తం 2,95,400. మిగిలింది 3,43,000.

ఇప్పుడు గ్రూపులో రోజూ గొడవే. కొందరు మొత్తం ఆయమ్మకు ఇచ్చేసి చేతులు దులుపుకుందాం అంటారు. కొందరు ఫిక్స్‌డ్ వేద్దాం అంటారు. ఇంకొకడు, ‘ఆపరేషన్ అయిపోయింది కదా, ఈ డబ్బు ఇంకో పేషెంటుకు ఇద్దాం’ అంటాడు. మేస్త్రి అన్న ఫోన్ చేసి చీటీ బాకీలు తీర్చుకుంటాం ఇవ్వండి అంటున్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. ఆ డబ్బు నా ఖాతాలో ఉన్నంతసేపూ టెన్షనే.

---

సీమ మిరప | నంద్యాల రోడ్డు, కర్నూలు | రాత్రి 11:02

ఇంత చందా మిగలడం నేను ఇదే చూడటం. మా దగ్గరైతే ఫ్లెక్సీల ఖర్చుకే సరిపోయేది.

---

లెక్క చెప్పండి | ఎమ్మిగనూరు | రాత్రి 11:15

బెంచి నంబర్ 3 గారూ, ఆ 50,000 చేతికిచ్చాం అన్నారు. నగదేనా? రసీదు ఉందా? ఆయమ్మ సంతకం పెట్టిందా? ఈ లెక్క 412 మందికీ పంపారా, లేక ఇక్కడ మాకు చెప్తున్నారా?

---

బెంచి నంబర్ 3 | రాత్రి 11:31

ఆయనెవరో సీబీఐ ఆఫీసర్ మాదిరి అడుగుతున్నారు. ఐసీయూ బయట కూర్చోనున్న మనిషి చేత సంతకం తీసుకోవాల్నా? 19 రోజులు నా అంగడి మూసుకుని తిరిగినా. నా సొంత డబ్బు ఎంత పోయిందో అది చెప్పలేదు నేను.

---

లెక్క చెప్పండి | రాత్రి 11:48

కోపం వద్దన్నా. దొంగవని అనలేదు. నాలుగేళ్ళ కింద మా ఊళ్ళో ఒక పాప ఒళ్ళు కాలితే మేమూ ఇట్లే ఎత్తినాం. మూడో రోజుకు డబ్బు పడటం తగ్గింది. జనం విసిగిపోయారేమో అనుకున్నాం. తర్వాత తెలిసింది, మా పోస్టరులో క్యూఆర్ కోడ్ కత్తిరించి వేరే కోడ్ అతికించి ఎవడో గ్రూపుల్లో తిప్పినాడు. పాప ఫోటో అదే, ఆసుపత్రి కాగితం అదే, డబ్బు మాత్రం వాడికి. ఎంత పోయిందో ఇప్పటికీ తెలీదు. ఊళ్ళో మాటలు మాత్రం మేం పడినాం. అప్పట్నుంచి పోస్టరులో ‘స్కాన్ చేస్తే ఫలానా పేరు రావాల, వేరే పేరొస్తే వేయకండి’ అని పెద్దక్షరాలతో రాస్తాం. రోజూ రాత్రి తొమ్మిదికి ఆ రోజు ఎంత వచ్చింది, ఎంత పోయింది గ్రూపులో పెడతాం. పెళ్ళిలో చదివింపులు రాసుకోవడం లేదా? వంద రూపాయలు ఇచ్చినోడి పేరు కూడా గట్టిగా చదివి పుస్తకంలో రాస్తారు. ఎవరూ నొచ్చుకోరు. దీనికి మాత్రం లెక్క అడిగితే కోపం ఎందుకు?

---

నిర్వాహకుడు | అక్టోబరు 15, ఉదయం 7:10

ఈ చర్చా దారంలో ఎవరూ ఫోన్ నంబర్లు, క్యూఆర్ కోడ్లు, పేషెంటు పేరు, ఫోటో పెట్టకండి. పైన చెప్పిన కారణానికే.

---

చక్రాల కుర్చీ | కర్నూలు | ఉదయం 9:25

రాత్రే చూశాను. కూర్చుని టైపు చేయడానికి పొద్దున దాకా ఆగాను.

నేను 2010లో మోటార్ సైకిల్ మీద నుంచి పడ్డాను. మీ వాడిదీ నాదీ ఒకటే దెబ్బ, ఒకటి రెండు పూసలు తేడా. నాకూ స్నేహితులు చందా ఎత్తారు. నాలుగు లక్షల చిల్లర వచ్చింది, ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం. మొత్తం 23 రోజుల్లో ఒక పెద్ద ఊరి పెద్ద ఆసుపత్రి తినేసింది. ఇంటికొచ్చేటప్పుడు అందరూ స్టేషనుకు వచ్చారు, దండ కూడా వేశారు. అసలు ఖర్చు ఆ మరుసటి రోజు మొదలైంది.

మూడో నెలలో తుంటి వెనక ఎర్ర మచ్చ వచ్చింది. రూపాయి బిళ్ళంత. స్పర్శ లేదు కాబట్టి నొప్పి లేదు, మేం పట్టించుకోలేదు. పదిహేను రోజుల్లో లోపల ఎముక కనపడింది. పడక పుండు. దానికి ఎనిమిది నెలలు, రెండెకరాలు పోయాయి. అప్పుడు నాకు కావలసింది ఒక గాలి పరుపు, రెండు గంటలకోసారి నన్ను పక్కకు తిప్పే మనిషి. పరుపు కొన్ని వేల రూపాయలు. నాలుగు లక్షలు ఎత్తిన వాళ్ళలో ఎవరికీ ఆ పరుపు సంగతి తెలీదు, నాకూ తెలీదు. రెండోసారి అడగడానికి మొహం చెల్లలేదు. యాక్సిడెంటు అంటే జనం ఇస్తారు అన్నా, పుండు అంటే ఎవరిస్తారు?

అందుకే చెప్తున్నా, ‘ఆపరేషన్ అయిపోయింది కదా’ అన్న మిత్రుణ్ణి ఒకసారి మీ వాడి పక్కన ఒక రాత్రి పడుకోమనండి.

ఏమేం కావాలంటే, వరస లేకుండా రాస్తున్నా. గాలి పరుపు ఈ రోజే. కుర్చీకి మంచి దిండు, మామూలు దూది దిండు కాదు. కుర్చీ కూడా మనిషి కొలతకు ఉండాలి. ఎవరో దానం చేసిన ఆసుపత్రి కుర్చీలో రోజంతా కూర్చుంటే వీపు వంగిపోతుంది. కూర్చున్నప్పుడు అరగంట లోపే ఒకసారి చేతుల మీద లేచి పిరుదుల మీద బరువు తీయాలి, ఇది ప్రాణంతో సమానం. మూత్రానికి శాశ్వతంగా ట్యూబు పెట్టి వదిలేశారేమో చూడండి. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రంగా ట్యూబు వేసి తీసే పద్ధతి ఉంటుంది, డాక్టరును అడిగి వాడికే నేర్పించండి. నాకు అది తెలియక ముందు ఏడాదికి నాలుగైదు సార్లు చలిజ్వరంతో పడిపోయేవాణ్ణి. ఇంట్లో గడపలు తీయించాలి. బాత్రూం తలుపు వెడల్పు చేయాలి. మన పాత ఇళ్ళలో బాత్రూం పెరట్లో, రెండు మెట్ల కింద ఉంటుంది కదా, ఆ రెండు మెట్లే నన్ను ఏడాదిన్నర గదిలో కట్టేశాయి.

మీరు కడప జిల్లా వాళ్ళు, వేలూరు మీకు దూరం కాదు. కాట్పాడిలో దిగి సీఎంసీ ఆసుపత్రి వాళ్ళ బాగాయం పునరావాస కేంద్రానికి తీసుకుపోండి. అది పెట్టిన డాక్టర్ మేరీ వర్గీసు 1954లో కారు ప్రమాదంలో మనలాగే నడుం కింద పోగొట్టుకున్న మనిషి. తర్వాత చక్రాల కుర్చీలో కూర్చునే కుష్టు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. 1966లో ఆ కేంద్రం మొదలైంది. నేను అక్కడికి మూడేళ్ళు ఆలస్యంగా పోయాను. మంచం మీంచి కుర్చీలోకి నా అంతట నేను మారడం అక్కడే నేర్చుకున్నా.

---

నల్లకోటు | కడప | మధ్యాహ్నం 1:50

చక్రాల కుర్చీ అన్న చెప్పింది చదివాక నాకు రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు. కాంట్రాక్టరు ఎంత ఇచ్చాడు?

---

బెంచి నంబర్ 3 | మధ్యాహ్నం 2:20

30,000 ఇచ్చినాడు సార్. మంచోడే, ఆసుపత్రికి రెండుసార్లు వచ్చినాడు. ఇంకేం సంబంధం లేదని వాడి అన్న చేత కాగితం రాయించుకున్నాడు.

---

నల్లకోటు | మధ్యాహ్నం 3:05

అదే అనుకున్నా.

మంచోడే కావచ్చు. కానీ 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం ఒకటుంది. పని చేస్తుండగా పడిన దెబ్బకు యజమాని పరిహారం ఇవ్వాలి, భవన నిర్మాణం దాని కిందికి వస్తుంది. హక్కు వదులుకుంటున్నానని రాయించుకున్న కాగితం చెల్లదని 17వ సెక్షన్ స్పష్టంగా చెప్తుంది. అందులోనూ సంతకం పెట్టింది అన్న, దెబ్బ తగిలింది తమ్ముడికి.

లెక్క చెప్తాను, కూర్చోండి. శాశ్వతంగా పూర్తి వైకల్యం అయితే నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చిస్తారు. మేస్త్రి కూలి నెలకు 15,000 పైనే ఉంటుంది, కానీ చట్టం లెక్కకు తీసుకునే గరిష్ఠం 15,000. అందులో 60 శాతం 9,000. నిండా 40 ఏళ్ళకు గుణకం 184.17. హెచ్చిస్తే 16,57,530 రూపాయలు.

మీరు 412 మంది దగ్గర చేయి చాచి ఎత్తింది 6,38,400. చట్టం ప్రకారం అడగవలసింది దానికి రెండున్నర రెట్లు. చందా ఎత్తడం తప్పనను. కానీ మన దగ్గర చందా వల్ల ఇవ్వవలసినవాడు మెల్లగా పక్కకు తప్పుకుంటాడు, ఇది పదేళ్ళుగా చూస్తున్నా.

క్లెయిము కార్మిక శాఖలో వేయాలి, ప్రమాదం జరిగిన రెండేళ్ళ లోపల. కోర్టు ఖర్చులకు భయపడకండి. అతను పని చేసినట్టు సాక్ష్యం కావాలి. పక్కన పని చేసిన కూలీలు, కూలి వేసిన ఫోన్‌పే మెసేజీలు, ఆ రోజు ఫోటోలు. అవి ఇప్పుడే దాచండి, ఆర్నెల్లు పోతే కూలీలు బెంగళూరులో ఉంటారు. భవన నిర్మాణ కార్మికుల బోర్డు కార్డు ఉందో కూడా అడగండి.

ఇంకోటి. ఆ ప్రైవేటు ఆసుపత్రి 1,85,000 బిల్లు, డిశ్చార్జి కాగితం ఒరిజినల్సు ఉన్నాయా? ఉంటే ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టండి. జిరాక్సులు పనికిరావు. మొత్తం రాదు, ఎంతో కొంత రావచ్చు.

---

సీమ మిరప | మధ్యాహ్నం 3:30

16 లక్షలా! కాంట్రాక్టరు ఈ దారం చదివితే ఊరొదిలి పోతాడు.

---

నల్లకోటు | మధ్యాహ్నం 3:41

చిన్న కాంట్రాక్టర్లకు నిజంగానే అంత స్తోమత ఉండదు. పని మొదలు పెట్టే ముందు కూలీలకు బీమా చేయించుకుంటే ఆ గొడవే లేదు. ఎవరూ చేయించరు, ఇంటి ఓనర్లు కూడా అడగరు. నా ఇల్లు కట్టేటప్పుడు నేనూ అడగలేదు, అది వేరే సంగతి.

---

కౌంటర్ నంబర్ 2 | అనంతపురం | సాయంత్రం 6:15

బ్యాంకులో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఎవరైనా అతని పాస్‌బుక్ తీసి చూశారా? మే నెల చివర్లోనో జూన్ మొదట్లోనో 20 రూపాయలు కోత పడిందేమో చూడండి. అది ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళకు, ఏడాదికి 20 రూపాయలు (2022 జూన్ దాకా 12 ఉండేది). ప్రమాదంలో చనిపోయినా, రెండు కాళ్ళు పూర్తిగా పనికిరాకుండా పోయినా 2 లక్షలు. జన్‌ధన్ ఖాతాలు తెరిచిన రోజుల్లో మేమే ఫారాల మీద సంతకాలు పెట్టించి చేర్పించాం. సగం మందికి చేరినట్టే తెలీదు. 20 రూపాయలు ఎందుకు కోశారని కౌంటర్ దగ్గర నాతో పోట్లాడిన వాళ్ళున్నారు.

మిగిలిన డబ్బు గురించి. మీ ఖాతాలో ఉంచుకోవద్దు. రేపు ఆదాయపు పన్ను వాళ్ళు అడిగితే 6 లక్షలు ఎక్కడివో మీరే చెప్పాలి. బంధువులు కాని వాళ్ళ నుంచి ఏడాదిలో 50,000 దాటి వచ్చిన డబ్బును ఆదాయంగా చూసే నిబంధన ఉంది. మీరు మధ్యవర్తి మాత్రమేనని చూపించే కాగితాలు, దాతల జాబితా, బిల్లులు ఒక ఫైలులో పెట్టి ఆడిటరుకు చూపించండి. డబ్బు పేషెంటు, భార్య పేర జాయింటు ఖాతాలో వేసి, 3 లక్షలు పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో పెట్టండి. ఇప్పుడు 7.4 శాతం. నెలకు 1,850 వస్తుంది, అసలు ఎవరూ ముట్టుకోలేరు. చీటీ బాకీల అన్న కూడా.

---

చక్రాల కుర్చీ | సాయంత్రం 6:50

సార్, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, 1,850తో ఏం వస్తుంది? డైపర్లు, ట్యూబులకే చాలదు. మొదటి రెండేళ్ళలో ఒకేసారి పెద్ద ఖర్చులు వస్తాయి, అప్పుడు అసలు చేతిలో ఉండాలి. పోస్టాఫీసులో ఏడాది దాకా కదిలించడానికి లేదు, ఆ తర్వాత కూడా మూడేళ్ళ లోపు తీస్తే 2 శాతం కోస్తారు.

---

కౌంటర్ నంబర్ 2 | రాత్రి 7:20

సరే, సగం సగం. లక్షన్నర పోస్టాఫీసులో, మిగతాది మామూలు ఖాతాలో. మొత్తం చేతిలో ఉంటే ఆరు నెలల్లో మాయమవుతుంది నాయనా. దుబారా చేస్తారని కాదు. ఇంట్లో డబ్బుందని తెలిస్తే ఇంటిముందు వరస కడతారు, వాళ్ళను కాదనలేక.

---

చక్రాల కుర్చీ | రాత్రి 7:33

ఆ వరస నేను చూశాను. ఒప్పుకుంటున్నా. పెన్షన్ సంగతి మర్చిపోయాను. సచివాలయంలో సదరం (వైకల్య ధ్రువపత్రం కోసం చేసే పరీక్ష) స్లాటు పెట్టించండి. నన్ను ఆర్నెల్లు ఆగి రమ్మన్నారు, మీ వాణ్ణీ అనొచ్చు, తిరగక తప్పదు. సర్టిఫికెట్ వచ్చాక మామూలు వికలాంగుల పెన్షన్ 6,000. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్ళకు 15,000, ఈ జులై నుంచి. ఈ రెంటికీ తేడా డాక్టరు రాసే ఒక్క వాక్యంలో ఉంటుంది, కాబట్టి తిరుపతి కాగితాలన్నీ పట్టుకుపోండి.

---

ఓ నెగటివ్ అమ్మ | అనంతపురం | రాత్రి 9:45

అందరూ డబ్బు గురించి రాశారు. నేను ఫోటో గురించి రాస్తాను.

మా వాడికి పదకొండేళ్ళు. తలసీమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆరేళ్ళప్పుడు మూలకణ మార్పిడి చేయిద్దామని ఊళ్ళో వాళ్ళే పూనుకుని చందాలు ఎత్తారు. వాడు నీరసంగా పడుకుని ఉన్న ఫోటో, కింద ‘ఈ చిన్నారిని బతికించండి’. క్లాక్ టవర్ నుంచి మా వీధి దాకా ఫ్లెక్సీలు. నేను అప్పుడు ఏమీ అనలేదు, అనే స్థితిలో లేను. వాడు బడికి పోతే పిల్లలు ఫ్లెక్సీ పిల్లోడు అని పిలిచారు. చందా అయిపోయింది, ఫ్లెక్సీ చినిగిపోయింది, పేరు మాత్రం మిగిలింది. చివరికి బడి మార్చాము.

ఇంకా వినండి. తోడబుట్టిన వాళ్ళది సరిపోయే అవకాశం నాలుగింట ఒకటే. మా పాపది సరిపోలేదు, బయట కూడా దొరకలేదు. ఆపరేషన్ కోసమని ఎత్తిన 2 లక్షల 70 వేలు అలాగే ఉండిపోయింది. అప్పుడు మాకూ మీకొచ్చిన సందేహమే వచ్చింది. మా మరిది కూర్చుని ఇచ్చిన వాళ్ళందరికీ మెసేజ్ పెట్టాడు. ఆపరేషన్ జరగడం లేదు, ఈ డబ్బు రక్తం ఎక్కించీ ఎక్కించీ ఒంట్లో పేరుకునే ఇనుమును తగ్గించే మందులకు వాడుకోమంటారా, లేక వెనక్కి కావాలా అని. తొమ్మిది మంది వెనక్కి అడిగారు, ఇచ్చేశాం. మిగతా వాళ్ళు వాడుకోమన్నారు. ఒకాయన మళ్ళీ ఐదు వేలు వేశాడు, అడగకుండానే.

మాకు ఇప్పుడు కావలసింది డబ్బు కాదు, రక్తం. నాదే ఓ నెగటివ్, వాడిదీ అదే. ఎండాకాలం కాలేజీలు మూసేస్తే దాతలు దొరకరు. ఏప్రిల్, మే నెలల్లో నేను పడే అవస్థ ఏ చందాతోనూ తీరదు. ఫోన్ చేస్తే వచ్చే నలుగురుంటే చాలు.

బెంచి నంబర్ 3 తమ్ముడూ, ఒకటి అడుగుతాను. గ్రూపులో అందరూ అన్నీ అన్నారు. మేస్త్రి భార్యను ఎవరైనా అడిగారా, ఆయమ్మకు ఏం కావాలో?

---

బెంచి నంబర్ 3 | రాత్రి 10:30

అడగలేదక్కా.

---

పాత బస్టాండు | కడప | అక్టోబరు 16, మధ్యాహ్నం 2:40

మా మొహల్లా పద్ధతి చెప్తాను, నచ్చితే తీసుకోండి. రంజాన్‌లో జకాత్, అంటే విధిగా తీయవలసిన దానం వస్తుంది, దానికి ఎవరికివ్వాలో షరతులున్నాయి. కానీ సదఖా, అంటే ఇష్టంతో ఇచ్చే దానం, ఎవరికైనా, ఏ మతం వాళ్ళకైనా, ఎప్పుడైనా ఇవ్వొచ్చు. మా దగ్గర పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు, టైలర్. ఆయన కోసం 20 ఇళ్ళ వాళ్ళం నెలకు 200 చొప్పున వేస్తున్నాం. ఆరో తారీకుకు ఒక కుర్రాడు కవరు పట్టుకుని వస్తాడు. కవరు మీద పేరుండదు. ఇది నాలుగో ఏడు. ఒకేసారి లక్ష అడిగితే ఈ 20 ఇళ్ళ నుంచి రాదు. రెండు వందలు మాత్రం ఏ నెలా ఆగలేదు, ఒకటి రెండు ఇళ్ళు తప్ప.

మీ బ్యాచ్‌లో 40 మంది నెలకు 100 వేసినా 4,000. చేతిలో ఉన్నదాన్ని ఇంకా ముట్టుకోవలసిన పని ఉండదు.

---

లెక్క చెప్పండి | సాయంత్రం 5:10

నెలనెలా పద్ధతి బాగుంది భాయ్. మూడో నెల నుంచి ఎగ్గొట్టేది ఎవరో నేను ఇప్పుడే చెప్పగలను, ముందు వరసలో ఫోటో దిగినోళ్ళు.

---

బెంచి నంబర్ 3 | అక్టోబరు 19, రాత్రి 11:20

మూడు రోజులు రాయలేదు, క్షమించండి. చానా జరిగినాయి.

ముందు పాస్‌బుక్. మే 28న 20 రూపాయలు కోత ఉంది! బ్యాంకుకు పోతే నెల రోజుల్లో చెప్పాల్సింది, గడువు దాటింది అన్నారు. కౌంటర్ నంబర్ 2 సార్, ఇప్పుడేం చేయాలి?

కాంట్రాక్టరు సంగతి నల్లకోటు సార్ చెప్పినట్టే చూస్తున్నాం. ఇద్దరు కూలీలు సాక్ష్యం చెప్తామన్నారు. కాంట్రాక్టరు నాతో మాట్లాడటం మానేశాడు.

నిన్న అక్క అడిగిన మాట అడగడానికి వాళ్ళింటికి పోయినా. ఇన్నిసార్లు పోయినా వాడి మంచం పక్కన కూర్చుని వచ్చేవాళ్ళం, ఆయమ్మ కాఫీ ఇచ్చి లోపలికి పోయేది. ఈసారి నా భార్యను కూడా తీసుకుపోయినా. వాళ్ళిద్దరూ గంట సేపు వంటింట్లో మాట్లాడుకున్నారు. నా భార్య చెప్పింది రాస్తున్నా.

ఆయమ్మ ఆగస్టు నుంచి రెండు గంటలు వరసగా నిద్రపోలేదంట. తిరుపతిలో నర్సు చెప్పిందని రాత్రంతా అలారం పెట్టుకుని వాణ్ణి పక్కకు తిప్పుతావుంది. ఒంట్లో పుండు ఒక్కటి లేదు, చక్రాల కుర్చీ అన్నా, నేను చూసినా. వాడు 78 కిలోలు, ఆయమ్మ 45 ఉంటుందేమో. ‘అన్నవాళ్ళు డబ్బు సంగతి వాళ్ళే చూస్తారులే, నాకు వారంలో ఒక్క రాత్రి ఎవరన్నా వచ్చి తిప్పితే చాలు, నిద్రపోతా’ అనిందంట. ఇంకోటి, వాడి ఫోటో గ్రూపుల్లో నుంచి తీసేయమనింది. పాప బళ్ళో ఎవరో చూపించినారంట.

రాత్రే గ్రూపులో పెట్టినా. ఫోటోలు తీసేయమంటే అందరూ తీసేసినారు. రాత్రి పడుకోవడానికి ఎవరొస్తారు అంటే రెండు గంటలు గ్రూపులో చప్పుడు లేదు. తర్వాత నలుగురు చెయ్యెత్తినారు. 412 మందిలో నలుగురు. ఒకడు కొత్తపల్లె నుంచి వస్తానన్నాడు, బడిలో నాతో మాటలు లేని వాడు. నాది మంగళవారం.

డబ్బు: లక్షన్నర పోస్టాఫీసు, మిగతాది జాయింటు ఖాతా, బాత్రూం పనికి ముందు. పని మా వాడి దగ్గర నేర్చుకున్న కుర్రోళ్ళే చేస్తామన్నారు, కూలి వద్దన్నారు. మంచం మీద నుంచే వాడు ‘తలుపు మూడడుగులు పెట్టండిరా, రెండున్నర కాదు’ అని అరుస్తావున్నాడు. లెక్క మొత్తం ఒక కాగితం మీద రాసి 412 మందికీ పంపినా. లెక్క చెప్పండి అన్నకు కూడా పంపమంటే పంపుతా.

---

కౌంటర్ నంబర్ 2 | అక్టోబరు 20, ఉదయం 6:30

గడువు దాటిందని నోటితో అంటే వదిలి రావద్దు. క్లెయిమ్ ఫారం, ఆసుపత్రి కాగితాలు ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. వైకల్య ధ్రువపత్రం తర్వాత ఇస్తామని అందులోనే రాయండి. ఆలస్యం ఒక్కటే కారణంగా క్లెయిములు కొట్టేయవద్దని 2011లోనే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ బీమా కంపెనీలకు చెప్పింది. అది ఉత్తరంలో రాయండి. ఇవ్వం అంటే కాగితం మీద ఇవ్వమనండి. నోటితో చెప్పినంత సులువుగా కాగితం మీద రాయలేరు, నా అనుభవం.

---

లెక్క చెప్పండి | ఉదయం 8:05

నాకు పంపొద్దులే అన్నా. నేను ఇచ్చింది లేదు కదా. ఆ నెలకు వంద పద్ధతి మొదలు పెడితే నన్ను కూడా రాసుకోండి.

---

ఓ నెగటివ్ అమ్మ | ఉదయం 9:15

నీ భార్యకు నా నమస్కారం చెప్పు తమ్ముడూ.

---

బెంచి నంబర్ 3 | అక్టోబరు 23, రాత్రి 1:15

మంగళవారం డ్యూటీ. వాళ్ళింటి నుంచే రాస్తున్నా. ఆయమ్మ తొమ్మిదికే పడుకుంది. నాలుగు సార్లు తిప్పాలంటే ఇప్పటికి రెండు అయినాయి. చక్రాల కుర్చీ అన్నా, మేలుకుని ఉంటే చెప్పు. గాలి పరుపు పంపు ఒకటే గుర్రుమంటావుంది, కొని వారం కాలేదు. పాడైందా?

---

చక్రాల కుర్చీ | రాత్రి 1:22

మేలుకునే ఉన్నా. పంపును మంచం ఇనుప పట్టీకి తగిలించావా? తీసి మడిచిన దుప్పటి మీద పెట్టు. ఇనుముకు తగిలి అదురుతుంది.

---

బెంచి నంబర్ 3 | రాత్రి 1:26

ఆగింది.